పౌరుని హక్కు – పోలీసు రక్షణ

హక్కు కలిగియుండుట వేఱు. ఆ హక్కునకు భంగము వాటిల్లినప్పుడు న్యాయస్థానమునకు పోయి దానిని నిలుపుకొనగలుగుట వేఱు. మొదటిది కాగితముపై వ్రాసికొన్నను చాలును. రెండవదానికి చట్టము కావలెను, న్యాయాధిపతి కావలెను, తీర్పును అమలుపఱచు ఏర్పాటు కావలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పోలీసుల విషయమై అర్ధ శతాబ్దికి పైగా సాగుచున్న వాదము ఈ రెండవదానిని గూర్చినదే. 2020వ సంవత్సరమున కొలరాడో రాష్ట్రము చేసిన ఒక చట్టముతో ఆ వాదము క్రొత్త దారి పట్టినది. ఆ చట్టము ఎందులకు వచ్చినది, ఏమి చేసినది, ఏమి చేయలేదు అను సంగతులు మనదేశపు ఉపాధ్యాయులకును, విద్యార్థులకును తెలియదగినవి. ఏలయన, ఇట్టి చిక్కే మన న్యాయస్థానములను కూడ చిరకాలము బాధించినది.

చిక్కు ఎట్టిది?

2014లో టెన్నెసీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరమున, దొంగతనమునకు పాల్పడెనన్న అనుమానముపై పోలీసులు ఒకనిని వెదకుచుండిరి. అతడు ఒక ఇంటి నేలమాళిగలో దాగెను. పోలీసులు అతనిని కనుగొనిరి. అతడు తన దావాలో చెప్పుకొన్నదానినిబట్టి, అప్పటికే అతడు చేతులు పైకెత్తి నేలపై కూర్చుండియుండెను. అయినను పోలీసు కుక్కను అతనిపైకి వదలిరి. అది అతనిని కఱచినది. అతడు నష్టపరిహారము కోరి ఫెడరల్ కోర్టునకు ఎక్కెను. లొంగిపోయినవానిపై కుక్కను వదలుట తప్పని అదే అప్పీలు కోర్టు అంతకు ముందొక కేసులో నిర్ణయించియున్నది. కాని ఆ కేసులోని మనిషి పడుకొనియుండెను. ఈ కేసులోని మనిషి కూర్చుండి చేతులెత్తెను. చేతులెత్తినంత మాత్రమున, తాము చేయుచున్నది తప్పని పోలీసులకు స్పష్టముగా తెలిసియుండవలెనని చెప్పజాలమని 2018లో ఆ కోర్టు తీర్పు నిచ్చినది. 2020 జూనులో సుప్రీంకోర్టు ఈ కేసును విచారణకు స్వీకరింప నిరాకరించినది. న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ మాత్రము ఆ నిరాకరణతో ఏకీభవింపక తమ భిన్నాభిప్రాయమును వ్రాసిరి.

కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరపు కేసు ఇంతకంటెను విచిత్రమైనది. 2013లో అచటి పోలీసులు వారంటుపై ఒకచోట సోదా జరిపి, సుమారు 50 వేల డాలర్లు స్వాధీనము చేసికొన్నట్లు పట్టిక వ్రాసియిచ్చిరి. అదిగాక మఱి 2 లక్షల 25 వేల డాలర్లకు పైగా విలువగల నగదును, అపురూపమైన నాణెములను పోలీసులు కాజేసిరని సొంతదారులు ఆరోపించిరి. అపహరణము నిజముగా జరిగినదా లేదా అను విషయమును కోర్టు తేల్చనే లేదు. ఒకవేళ జరిగినను, వారంటుపై పట్టుకొన్న సొమ్మును కాజేయుట రాజ్యాంగపు నాలుగవ సవరణకు భంగమని అప్పటికి స్పష్టముగా స్థిరపడియుండలేదు గనుక దావా నిలువదని 2019లో అప్పీలు కోర్టు నిర్ణయించినది. అట్టి పని నీతిబాహ్యమని ఆ ఉద్యోగులు ఎఱిగియుండవలసినదేనని ఆ తీర్పే ఒప్పుకొనుట గమనింపదగినది. నీతికి విరుద్ధమే, కాని అదే విధమైన పని రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన పూర్వపు తీర్పు లేదు. కావున పరిహారము లేదు.

రక్షణ పుట్టిన విధము

ఈ రెండు తీర్పులకును మూలమైన సిద్ధాంతమును అమెరికాలో ‘క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ’ అందురు. షరతులతో కూడిన రక్షణ అని దానికి అర్థము. దీనిని ఏ శాసనసభయు చేయలేదు. న్యాయమూర్తుల తీర్పులనుండి పుట్టి, తీర్పులతోనే పెరిగినది. అది పుట్టిన తీరు తెలియవలెనన్నచో 1871 వఱకు పోవలెను.

అంతర్యుద్ధము ముగిసి, బానిసత్వము రద్దయిన పిదప, దక్షిణ రాష్ట్రములలో కూక్లక్స్ క్లాన్ అను ముఠా నల్లజాతివారిపై ఘోరములు సాగించుచుండెను. స్థానికాధికారులు కొందఱు చూచియు చూడనట్లుండిరి; కొందఱు తామే చేయి కలిపిరి. అప్పుడు కాంగ్రెసు ఒక చట్టము చేయగా, 1871 ఏప్రిల్ 20న అధ్యక్షుడు గ్రాంటు దానిపై సంతకము చేసెను. రాష్ట్రాధికారమును ధరించి పౌరుని రాజ్యాంగ హక్కులను భంగపఱచిన ఎవ్వరైనను ఆ పౌరునకు న్యాయస్థానమున జవాబుదారి కావలెనని ఆ చట్టపు సారాంశము. అందు ఉద్యోగులకు ఏ మినహాయింపును వ్రాయబడలేదు. చిరకాలము నిద్రించిన ఆ చట్టమును 1961లో సుప్రీంకోర్టు చికాగో కేసులో మేల్కొలిపినది. చికాగో పోలీసులు వారంటు లేకుండ వేకువజామున ఒక నల్లజాతి కుటుంబపు ఇంట జొరబడి, వారిని అవమానించిరన్న దావా అది. ఆ దావా చెల్లునని సుప్రీంకోర్టు చెప్పినది.

తలుపు తెఱచిన ఆఱేండ్లకే దానికి గడియ అమరినది. 1961లో మిసిసిపీ రాష్ట్రమునందలి జాక్సన్ నగరపు బస్సు స్టేషనులో, తెల్లవారికి ప్రత్యేకింపబడిన విశ్రాంతిశాలలోనికి తెల్ల, నల్ల మతాచార్యులు 15 మంది కలసి ప్రవేశించిరి. పోలీసులు వారిని శాంతిభంగము పేర బంధించిరి. ఆ మతాచార్యుల దావాలో 1967లో తీర్పు చెప్పుచు, సద్బుద్ధితోను, తగిన కారణముతోను నిర్బంధించిన పోలీసు ఉద్యోగికి ఆ సద్బుద్ధియే రక్షణ కాగలదని సుప్రీంకోర్టు నిర్ణయించినది. 1982లో మఱియొక కేసులో సద్బుద్ధిని విచారించు పద్ధతిని తొలగించి, దాని స్థానమున వేఱొక కొలతను నిలిపినది. భంగపడిన హక్కు ఆనాటికి ‘స్పష్టముగా స్థిరపడిన’ హక్కేనా, సామాన్య వివేకముగల ఉద్యోగి దానిని ఎఱిగియుండవలసినదేనా అన్నదే ఇక ప్రశ్న. స్పష్టముగా స్థిరపడుట అనగా ఏమి? ఆచరణములో ఇంచుమించు అవే పరిస్థితులు గల పాత తీర్పు ఒకటి చూపవలెనని పెక్కు కోర్టులు భావించినవి. పడుకొన్నవానికిని, కూర్చుండినవానికిని గల భేదము ఈ కొలతనుండి వచ్చినదే.

2009లో సుప్రీంకోర్టు ఇంకొక సౌలభ్యము కల్పించినది. హక్కు భంగపడినదా లేదా అను ప్రశ్నకు సమాధానము చెప్పకుండగనే, అది స్పష్టముగా స్థిరపడలేదన్న ఒక్క కారణముతో దావాను త్రోసివేయవచ్చునని కోర్టులకు అనుమతి నిచ్చినది. దీని ఫలితమును పాఠకులు ఊహింపవచ్చును. పూర్వపు తీర్పు లేదు కావున ఈనాటి దావా కొట్టివేయబడును. హక్కు ఉన్నదో లేదో ఈనాడును తేలదు. కావున రేపటి దావాకును పూర్వపు తీర్పు ఉండదు. పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదురదని, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదురదని చెప్పిన చందమున హక్కు ఎన్నటికిని స్థిరపడకయే పోవచ్చును.

ఈ రక్షణ నష్టపరిహారపు దావాలకు సంబంధించినది మాత్రమే. నేరము చేసిన పోలీసు ఉద్యోగిపై క్రిమినల్ విచారణకు గాని, శాఖాపరమైన శిక్షకు గాని ఇది అడ్డు రాదు. నగర పాలక సంస్థలకు ఈ రక్షణ వర్తింపదు కూడ. కాని ఆ సంస్థ విధానము వలననో, అలవాటుగా సాగుచున్న ఆచారము వలననో హాని కలిగినదని ఋజువు చేసిననే ఫెడరల్ చట్టముక్రింద సంస్థ బాధ్యురాలగును. ఉద్యోగికి రక్షణ, సంస్థకు ఋజువు భారము. ఈ రెంటి నడుమ గాయపడినవాడు రిక్తహస్తములతో ఇంటికి మరలుచుండెను.

రక్షణను సమర్థించువారి మాట

ఈ సిద్ధాంతమును సమర్థించువారు చెప్పునది త్రోసివేయదగినది కాదు. పోలీసువాని వృత్తి మన వృత్తులవంటిది కాదు. చీకటి సందులో, ఎదుటివాని చేతిలో ఉన్నది తుపాకియో కాదో తెలియని స్థితిలో, ఱెప్పపాటున అతడు నిర్ణయింపవలెను. న్యాయమూర్తి తీరికగా గ్రంథములు తిరుగవేసి తేల్చు విషయమును అతడు అక్కడికక్కడ తేల్చుకొనవలెను. ప్రతి నిర్ణయము వెనుకను ఇల్లు వాకిలి అమ్ముకొనవలసిన దావా పొంచియున్నచో, మంచివారు ఆ ఉద్యోగమునకు రారు. వచ్చినవారును చూడవలసినదానిని చూడక తప్పుకొందురు. నష్టపోవునది సామాన్య ప్రజయే. ఈ వాదములో నిజము కలదు.

అయితే ఇందు ఒక అంశమును లెక్కలతో పరీక్షించి చూడవచ్చును. పరిహారము నిజముగా ఎవరి జేబునుండి పోవుచున్నది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖలో న్యాయశాస్త్రాచార్యులైన జోవానా ష్వార్ట్జ్ 2014లో ఈ విషయమై ఒక పరిశోధనము ప్రకటించిరి. 2006 నుండి 2011 వఱకు దేశములోని 44 పెద్ద పోలీసు శాఖలపై వచ్చిన దావాలను వారు పరిశీలించిరి. వాదులకు చెల్లింపబడిన మొత్తము 73 కోట్ల డాలర్లకు పైమాట. అందు పోలీసు ఉద్యోగులు స్వయముగా చెల్లించినది నూటికి 0.02 వంతు మాత్రమే. అనగా పదివేల డాలర్లలో రెండు డాలర్లు. తక్కినదంతయు నగరములు, జిల్లాలు, వాని బీమా సంస్థలు చెల్లించినవే. ఉద్యోగి ఇల్లు అమ్ముకొనునన్న భయము ఉన్నమాట నిజము. అట్లు అమ్ముకొన్నవారు మిక్కిలి అరుదు. కావున పోలీసువానిని దారిద్ర్యమునుండి కాపాడుటకు పౌరుని న్యాయస్థానపు వాకిటనే నిలిపివేయ నక్కఱలేదు. చెల్లించు భారమును ఎట్లు పంచవలెనో చట్టములో వ్రాసికొన్న చాలును. కొలరాడో శాసనసభ చేసినది ఈ పనియే.

కొలరాడో మార్గము

2020 మే 25న మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసు ఉద్యోగి మోకాలిక్రింద ఊపిరాడక మరణించెను. ఆ దృశ్యము లోకమంతయు చూచినది. దేశమంతటను జనము వీధులకెక్కిరి. నెలయైనను నిండకమున్నే, జూన్ 19న, కొలరాడో గవర్నరు జేరెడ్ పోలిస్ ఒక పోలీసు సంస్కరణ చట్టముపై సంతకము చేసెను.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ దేశపు సుప్రీంకోర్టు నిలిపిన సిద్ధాంతము గదా, దానిని ఒక రాష్ట్రము ఎట్లు మార్చగలదు? మార్చలేదు. ఫెడరల్ చట్టముక్రింద వేసిన దావాలో ఆ రక్షణ నేటికిని చెల్లుచునే యున్నది. కాని అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును తనదైన రాజ్యాంగము కలదు. అందు పౌరహక్కుల ప్రకరణము కలదు. కొలరాడో తన రాజ్యాంగములోని హక్కులను ఆధారము చేసికొని, తన కోర్టులలో, క్రొత్తగా ఒక దావాకు అవకాశము కల్పించినది. ఆ దావాలో క్వాలిఫైడ్ ఇమ్యూనిటీని ప్రతివాదముగా చెప్పరాదని స్పష్టముగా వ్రాసినది. పౌరుడిక పాత తీర్పులను వెదకి, పడుకొన్నవాని కేసా, కూర్చుండినవాని కేసా అని సరిపోల్చుకొన నక్కఱలేదు. హక్కు భంగపడినదా లేదా? అదియే విచార్యాంశము.

చెల్లింపు విషయమున ఆ చట్టము చూపిన నేర్పు మెచ్చదగినది. తీర్పు వచ్చినచో పరిహారమును సామాన్యముగా ఉద్యోగిని నియమించిన సంస్థయే చెల్లించును. కాని ఉద్యోగి సద్బుద్ధితోను, తన పని చట్టసమ్మతమేనన్న సహేతుకమైన నమ్మికతోను వ్యవహరింపలేదని ఆ సంస్థ నిర్ణయించినచో, అతడు పరిహారములో నూటికి 5 వంతులో, 25 వేల డాలర్లో, ఏది తక్కువయైన అది స్వయముగా చెల్లించుకొనవలెను. తీర్పు 2 లక్షల డాలర్లకు వచ్చినచో అతని వంతు 10 వేలు. 10 లక్షలకు వచ్చినచో నూటికి 5 వంతున 50 వేలు కావలెను గాని, పరిమితి 25 వేలే. అదియు అతడు చెల్లింపలేని స్థితిలో ఉన్నచో సంస్థయే పూరించును. గాయపడినవానికి పరిహారము అందుట తప్పదు. సద్బుద్ధితో పొరపడిన ఉద్యోగి నష్టపోడు. దుర్బుద్ధితో వ్యవహరించినవాడు చేయి కాల్చుకొనక పోడు. సద్బుద్ధి అను కొలత 1967లో దావాను ఆపుటకు పుట్టినది. కొలరాడోలో అది దావాను ఆపదు. తీర్పు తరువాత ఎవరు ఎంత చెల్లింపవలెనో తేల్చుటకు మాత్రమే పనికివచ్చును.

ఆ చట్టము దావాలతోనే ఆగలేదు. మెడ నొక్కిపట్టు పద్ధతులను నిషేధించినది. తోటి ఉద్యోగి మితిమీరి బలప్రయోగము చేయుచుండగా చూచుచు ఊరకుండరాదని, అడ్డుకొని తీరవలెనని విధించినది. 2023 జూలై 1 నాటికి పోలీసులు శరీరముపై ధరించు కెమెరాలను సమకూర్చుకొనవలెనని గడువు పెట్టినది. సాక్ష్యము లేని హక్కు కోర్టులో నిలువదు గనుక ఈ కెమెరాల నిబంధనమును దావా నిబంధనమునకు తోడుగా చూడవలెను.

తక్కిన రాష్ట్రములు

ఇతర రాష్ట్రములు ఈ మార్గమున తలకొక రీతిగా నడచినవి. కనెక్టికట్ 2020లోనే చట్టము చేసి, రక్షణను పూర్తిగా తొలగింపక కుదించినది. న్యూ మెక్సికో గవర్నరు మిషెల్ లుహాన్ గ్రిషామ్ 2021 ఏప్రిల్‌లో సంతకము చేసిన పౌరహక్కుల చట్టము కొలరాడోకంటె ఒక విధముగా విశాలమైనది. అది పోలీసుశాఖకే గాక, పాఠశాలల పాలక మండలులతో సహా ప్రభుత్వ సంస్థలన్నిటికిని వర్తించును. దావా ఉద్యోగిపై కాక సంస్థపైననే నడచును. 2021లో చట్టము చేసిన నాడు పరిహారమునకు 20 లక్షల డాలర్ల పరిమితి విధింపబడినది. అచట ఉపాధ్యాయుడు సైతము ఈ చట్టపు పరిధిలోనివాడే. కాని బోనులో నిలుచునది అతని సంస్థ.

అన్ని రాష్ట్రములును ఒకే దిక్కున నడువలేదు. అయోవా శాసనసభ 2021లో ఇందుకు విరుద్ధముగా, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీని తన చట్టములోనే వ్రాసికొన్నది. దేశమంతటికిని ఒకే నియమము చేయదలచిన బిల్లును ప్రతినిధుల సభ 2021 మార్చిలో ఆమోదించినను, సెనేటులో అది ముందునకు సాగలేదు. కావున, ఒకే విధమైన దెబ్బ డెన్వరులో తిన్న పౌరునకు రాష్ట్రపు కోర్టులో ఒక మార్గము కలదు. అయోవా రాజధానియగు డెమోయిన్‌లో తిన్నవానికి అది లేదు. హక్కు దేశమంతటికి ఒకటే. పరిహారము మాత్రము పొలిమేరనుబట్టి మారుచున్నది. రాష్ట్రముల చట్టములలోని లోపము ఇదియే. తీర్పు సొమ్ము చాలవఱకు ప్రజల పన్నులనుండియే పోవుననుటయు కాదనరానిది. కాని ఆ సొమ్ము చెల్లింపనిచో నష్టము మాయమగునా? కాదు, అది గాయపడిన ఒక్క కుటుంబముపైననే పూర్తిగా పడును. అందఱి పేరిట జరిగిన తప్పునకు అందఱును కొంత మోయుటయా, ఒక్కడే అంతయు మోయుటయా అన్నది ధర్మశాస్త్రమునకు క్రొత్త ప్రశ్న కాదు.

మన దేశమున

ఫ్రెస్నో నాణెముల కథ చదివిన భారతీయ న్యాయవాదికి మీరట్ బంగారము గుర్తునకు రాకపోదు. 1947 సెప్టెంబరులో అమృతసరపు నగల వర్తకుడొకనిని మీరట్ పోలీసులు అనుమానముపై పట్టుకొని, అతనియొద్దనున్న 103 తులాలకు పైగా బంగారమును, వెండిని ఠాణాలో ఉంచిరి. అతనిని విడిచిపెట్టిరి, వెండి తిరిగి వచ్చినది. బంగారమును కాజేసి హెడ్ కానిస్టేబులు పాకిస్థానునకు పాఱిపోయెను. పోలీసుల అజాగ్రత్త ఋజువైనను, అది సార్వభౌమాధికారములోని పని గనుక రాష్ట్ర ప్రభుత్వము బాధ్యత వహింప నక్కఱలేదని మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1965 నాటి లా రిపోర్టులలో ప్రకటితమైన ఆ తీర్పులోనే ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్, ఈ స్థితి తృప్తికరము కాదని, శాసనసభలు చట్టము చేయవలెనని సూచించిరి. ఆ దశకములో పార్లమెంటు ముందునకు వచ్చిన బిల్లు చట్టము కాకయే కాలము చెల్లినది.

చట్టసభ చేయని పనిని కోర్టులే కొంతవఱకు చేసినవి. 1983లో బీహారు ఖైదీ కేసులోను, 1993లో ఒరిస్సాలో పోలీసు నిర్బంధమునందు మరణించిన యువకుని కేసులోను, ప్రాణమునకు, స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణము భంగపడినప్పుడు సార్వభౌమత్వమను సాకు చెల్లదని సుప్రీంకోర్టు పరిహారము ఇప్పించినది. ఈ పరంపరలో తెలుగునాటి కేసు కూడ ఒకటి కలదు. 1977 మే నెలలో, నాటి కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల సబ్‌జైలులో రిమాండు ఖైదీలుగా ఉన్న తండ్రి కొడుకులపై రాత్రివేళ ప్రత్యర్థులు బాంబులు వేసిరి. తండ్రి మరణించెను; కొడుకు గాయపడెను. తమ ప్రాణములకు ముప్పు గలదని వారు ముందే మొఱపెట్టుకొనియుండిరి; తగిన కాపలా లేకపోయినది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1,44,000 రూపాయల పరిహారమునకు డిక్రీ ఇచ్చినది. ప్రభుత్వము చేసికొన్న అప్పీలును 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు కొట్టివేయుచు, ఖైదీయైనను జీవించు హక్కును కోల్పోడని, మీరట్ తీర్పు ఇట్టి కేసులలో అడ్డు కాజాలదని చెప్పినది. సంఘటన జరిగిన ఇరువదిమూడేండ్లకు వచ్చిన న్యాయమది.

క్రిమినల్ విచారణ విషయమున మన చట్టము వేఱొక రక్షణ నిలుపుకొన్నది. ప్రభుత్వానుమతి లేనిదే పదవినుండి తొలగింపరాని హోదాగల ఉద్యోగిపై, విధినిర్వహణకు సంబంధించిన పనికై నేరము మోపవలెనన్నచో ప్రభుత్వానుమతి కావలెను. పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 197వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218వ సెక్షనైనది. అనుమతి కోరిన 120 దినములలో ప్రభుత్వము నిర్ణయము తీసికొననిచో అనుమతి ఇచ్చినట్లే భావింపవలెనని క్రొత్త సంహిత చేర్చినది. ఇది చిన్న మార్పు వలె కనబడును గాని, మౌనము నిరాకరణముతో సమానమగు పాత స్థితి ఇందువలన తొలగినది.

మన మార్గమునకును కొలరాడో మార్గమునకును గల భేదము ఇదియే. మనకు పరిహారపు హక్కు న్యాయమూర్తుల ఔదార్యమునుండి, కేసు వెంట కేసుగా వచ్చినది. ఎంత ఇప్పింపవలెనో, ఎవరు భరింపవలెనో సమగ్రముగా తెలుపు చట్టము ఇంకను లేదు. కొలరాడోలో ఈ విషయములన్నియు, నూటికి ఇన్ని వంతులని సహా, ప్రజాప్రతినిధులు చర్చించి వ్రాసికొనిరి. నచ్చనిచో మార్చుకొనవచ్చును, ఏమి ఉన్నదో చదివి తెలిసికొనవచ్చును.

పాఠశాలలో పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు ప్రాథమిక హక్కుల పట్టికను చదివించిన పిదప, ఆ పుట మూయకమున్నే విద్యార్థులను మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఈ హక్కును ఒక ఉద్యోగి భంగపఱచినచో పౌరుడు ఎవరి యొద్దకు పోవలెను? పరిహారమును ఎవరు చెల్లింపవలెను? ఏమని చెప్పి వారు తప్పించుకొనగలరు? మొదటి రెంటికి సమాధానము దొరకి, మూడవదానికి దొరకు సమాధానములు ఎంత తగ్గినచో, ఆ పట్టికలోని హక్కు అంత నిజమైనదని ఆ పిల్లలు గ్రహింతురు.